‘‘అక్కా, ఎవరికీ చెప్పొద్దు’’: బాలన్యాయం, మానసిక ఆరోగ్యం మధ్య నిలబడే రీసెర్చ్ ఇంటర్న్

ఎం.ఏ. సైకాలజీ రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఆరు వారాల రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ మీద ఒక అబ్జర్వేషన్ హోమ్‌కి, అంటే నేరారోపణ ఉన్న పిల్లల్ని విచారణ ముగిసేదాకా ఉంచే చోటికి, వెళ్లింది. ఎదురుగా పదహారేళ్ల అబ్బాయి కూర్చున్నాడు. నిద్ర ఎలా పడుతోంది, ఆకలి వేస్తోందా, కోపం వస్తే ఏం చేస్తావు, ఇలాంటి ప్రశ్నలు ఆమె కాగితం మీద ఉన్నాయి. ఐదో ప్రశ్న దగ్గర అబ్బాయి గొంతు తగ్గించాడు. ‘‘అక్కా, ఆ రోజు నిజంగా ఏమైందో నీకొక్కదానికే చెప్తా. ఎవరికీ చెప్పొద్దు.’’

ఆమె చేతిలో పెన్ను ఉంది. వినాలా, రాసుకోవాలా, ఆపాలా?

ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులు సాధారణంగా అడిగేవి వేరు. ఎక్కడ అప్లై చెయ్యాలి, స్టైపెండ్ ఉంటుందా, సర్టిఫికెట్ ఎవరిస్తారు అని అడుగుతారు. అవీ అవసరమే, ఎక్కడ అప్లై చెయ్యాలన్నది చివర్లో చెప్తాను. ముందు ఈ అమ్మాయి సంగతి తేలాలి. ఆ అబ్బాయికి ఆమె ఒక అక్క. కాలేజీ దృష్టిలో పరిశోధకురాలు. ఆమె నోటుబుక్కులో పడిన మాట రేపు పిల్లల కేసులు విచారించే బోర్డు ముందుకు వెళ్తే సాక్షి కూడా. ఈ మూడు పాత్రలూ ఎక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయో తెలియకుండా హోమ్ గేటు దాటకూడదని నా అభిప్రాయం.

కేసు నడిచే దారి

హైదరాబాద్‌లో చాలామందికి బాలన్యాయం అంటే సైదాబాద్ జువెనైల్ హోమ్ గోడే గుర్తొస్తుంది. ఆ గోడ లోపలికి వెళ్లేది మొత్తం ప్రక్రియలో ఒక భాగం మాత్రమే. ఇప్పుడు అమల్లో ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో వచ్చింది, 2016 జనవరి 15 నుంచి అమలైంది. పద్దెనిమిదేళ్లు నిండని వారి మీద నేరారోపణ వస్తే 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో పెట్టకూడదు, జైలుకి పంపకూడదు. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. ప్రొబేషన్ ఆఫీసరు పదిహేను రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. ఫీల్డులో దీన్ని ఎస్‌ఐఆర్ అంటారు. విచారణ మామూలుగా నాలుగు నెలల్లో ముగియాలి. ఇక్కడ ‘నేరస్థుడు’ అనే మాట వాడరు. చట్టం పెట్టిన పేరు ‘చట్టంతో ఘర్షణలో ఉన్న బాలుడు’, ఆఫీసుల్లో సీసీఎల్ అంటారు. నోట్సు రాసేటప్పుడు ఇంటర్న్ మొదట మార్చుకోవాల్సింది ఆ మాటే. నింద మోపే పదాలు వాడకూడదన్నది చట్టం మూడో సెక్షన్‌లోని సూత్రాల్లో ఒకటి.

బెయిలు విషయంలో పిల్లలకి నియమం విడుదలే, ఆపడం మినహాయింపు. అంటే హోమ్‌లో కనిపించే పిల్లలు కేసులున్న పిల్లలందరికీ నమూనా కారు. తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్లగలిగినవాళ్లు చాలావరకు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. వేరే రాష్ట్రం నుంచి పనికి వచ్చి పట్టుబడ్డవాడు, ఇంట్లోవాళ్లు రామని మొండికేస్తే ఉండిపోయినవాడు, అసలు ఇల్లే లేనివాడు మిగులుతారు. హోమ్‌లో నలభై మందిని అడిగి ‘బాలనేరస్థుల్లో ఇంతమందికి తండ్రి లేడు’ అని రాస్తే అది తప్పుడు లెక్క. తండ్రి ఉన్నవాళ్లు బెయిలు మీద బయట ఉన్నారు. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే, దాని మీద కట్టిన తీర్మానాలూ పొరపాటే అవుతాయి.

మరో లెక్క కూడా గుర్తుపెట్టుకోవాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2021లోనూ 2022లోనూ మైనర్ల మీద నమోదైన కేసులు ఏటా 30 వేల పైచిలుకు. దేశంలో నమోదయ్యే మొత్తం నేరాల్లో ఇది ఒక శాతం కూడా కాదు. టీవీ చర్చలు విని ఈ రంగంలోకి వచ్చేవాళ్లకి ఈ సంగతి ముందే తెలిస్తే మంచిది.

మనసు చట్టం ప్రశ్నగా మారే చోటు

చట్టం నేరాల్ని మూడు రకాలుగా చూస్తుంది: చిన్నవి, తీవ్రమైనవి, ఘోరమైనవి. కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్నది ఘోరమైన నేరం. పదహారు నిండి పద్దెనిమిది లోపు ఉన్నవారి మీద అలాంటి ఆరోపణ వస్తే, 15వ సెక్షన్ కింద బోర్డు ప్రాథమిక మదింపు చెయ్యాలి. ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం ఉందా? పర్యవసానాలు అర్థం చేసుకోగలడా? ఏ పరిస్థితుల్లో జరిగింది? ఇవి చూసి, పెద్దవాళ్లలా విచారించాల్సిన అవసరం ఉందనిపిస్తే కేసును చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతారు. ఆ కోర్టు మళ్లీ తనంతట తాను పరిశీలించాలి. పిల్లవాడి జీవితం ఎటు తిరుగుతుందో నిర్ణయించే మలుపు ఇది.

ఘోరమైన నేరం అనగానే మనకి హత్యలే తట్టడం సహజం. కానీ పిల్లల మీద లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టంలో 2019 సవరణ తర్వాత పెనిట్రేటివ్ లైంగిక దాడికి (శరీరంలోకి చొచ్చుకుపోయే దాడికి) కనీస శిక్ష పదేళ్లు. పదిహేడేళ్ల అమ్మాయి, పదిహేడేళ్ల అబ్బాయి ఇష్టపడి ఊరు వదిలి వెళ్లిపోతే, అమ్మాయి ఇంట్లోవాళ్లు కేసు పెడితే, ఆ అబ్బాయి కూడా ఈ ఘోరమైన నేరం గడిలోనే పడొచ్చు. ‘మానసిక సామర్థ్యం’ ఉందా లేదా అన్న ప్రశ్న వాడి మీద కూడా వేస్తారు. మన ఊళ్లలో ఇది ఎంత మామూలు కథో చెప్పక్కర్లేదు.

చట్టం మొదట ఏమందంటే, ఈ మదింపుకు బోర్డు అనుభవమున్న సైకాలజిస్టుల సాయం ‘తీసుకోవచ్చు’. 2022 జులైలో సుప్రీంకోర్టు గురుగ్రామ్ పాఠశాల హత్య కేసులో ఆ ‘వచ్చు’ను గట్టిపరిచింది. బోర్డులో బాలల సైకాలజీ లేదా సైకియాట్రీ డిగ్రీ ఉన్న వృత్తి నిపుణులు లేకపోతే, బయటి నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని చెప్పింది. అప్పటినుంచి సైకాలజీ చదివినవాళ్ల అవసరం పెరిగింది. కానీ తొందరపడకూడదు. ఈ మదింపు చెయ్యడం ఇంటర్న్ పని కాదు. దాని చాయలకు వెళ్లమని ఎవరైనా చెప్పినా ఒప్పుకోకూడదు.

ఎందుకంటే అనుభవం ఉన్నవాళ్లకే ఇది కష్టం. నెలల కిందట ఒక రాత్రి ఆ పిల్లవాడి బుర్ర ఎలా పనిచేసిందో ఈరోజు పెట్టే ఏ పరీక్షా చెప్పదు. తెలివితేటల మార్కు బాగుందంటే ప్రశాంతంగా కూర్చున్నప్పుడు బాగా ఆలోచిస్తాడని మాత్రమే. దీనికి చక్కటి ఉదాహరణ 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే అమెరికా సైకాలజిస్టులు ప్రచురించిన ప్రయోగం. కంప్యూటర్ మీద కారు నడిపే ఆట పెట్టారు. పసుపు లైటు పడ్డాక ఎంతసేపు ముందుకు పోతారో చూశారు. ఒంటరిగా ఆడినప్పటికంటే పక్కన స్నేహితులు ఉన్నప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు చాలా ఎక్కువ సాహసం చేశారు. ఇరవై నాలుగు దాటినవాళ్ల మీద స్నేహితులు ఉన్నా లేకపోయినా పెద్ద ప్రభావం కనిపించలేదు. పిల్లలు నేరాలు ఎక్కువగా గుంపులోనే చేస్తారు. నిపుణుల గదిలో మాత్రం వాడు ఒంటరిగా కూర్చుంటాడు. ఆ గదిలో కొలిచినది ఆ రాత్రికి వర్తిస్తుందని ఎలా అంటాం?

షికాగో నుంచి వచ్చిన లెక్కలు, వాటిని చదివే పద్ధతి

మనసునీ కోర్టునీ ఒకే గదిలో కూర్చోబెట్టడం అమెరికాలోని షికాగోలో మొదలైంది. ప్రపంచంలో మొదటి జువెనైల్ కోర్టు 1899లో అక్కడి కుక్ కౌంటీలో వచ్చింది. పదేళ్లకే, 1909లో, విలియం హీలీ అనే డాక్టరు ఆ కోర్టుకు వచ్చే పిల్లల్ని పరిశీలించే క్లినిక్ నడపడం మొదలుపెట్టాడు. చికిత్స, పరిశోధన, కోర్టుకు సలహా మూడూ ఒకే బల్ల మీద జరిగాయి. ఇప్పుడు మనం విడదియ్యాలని తంటాలు పడుతున్న ముడి అప్పుడే పడింది.

అదే కౌంటీలో 1995 నుంచి 1998 మధ్య నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా టెప్లిన్ బృందం నిర్బంధంలో ఉన్న 1,829 మంది పిల్లల్ని ఎంచుకుని ఇంటర్వ్యూ చేసింది. 2002లో వచ్చిన ఫలితం ప్రకారం అబ్బాయిల్లో దాదాపు మూడింట రెండొంతుల మందికి, అమ్మాయిల్లో దాదాపు ముప్పావు వంతుకి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. ఈ అంకెను అందరూ ఎత్తిరాస్తారు. దాని పక్కనే ఉన్న రెండో అంకె ఇంకా ముఖ్యం. ‘కాండక్ట్ డిజార్డర్’ అనే రోగనిర్ధారణకి దొంగతనం, కొట్లాట, నియమాల ఉల్లంఘన లాంటివే లక్షణాలు. నేరం చేసి పట్టుబడినవాళ్లలో ఆ రుగ్మత వెతికితే దొరక్కుండా ఎలా ఉంటుంది? అందుకే ఆ బృందం దాన్ని తీసేసి మళ్లీ లెక్క కట్టింది. అప్పటికీ అబ్బాయిల్లో అరవై శాతం దగ్గర, అమ్మాయిల్లో మూడింట రెండొంతులకు పైగా మిగిలారు. ఇంటర్న్‌గా ఎవరైనా ఒక్క నైపుణ్యమే నేర్చుకోగలిగితే, ఇలా ఒక అంకె తన చుట్టూ తానే తిరుగుతోందా అని అడగడం నేర్చుకోవాలని కోరుకుంటాను.

ఆ పిల్లల్ని వదిలెయ్యకుండా ఏళ్ల తరబడి వెంబడించారు. చాలామంది చిన్న వయసులోనే చనిపోయారు. మరణాల రేటు మామూలు జనంతో పోలిస్తే నాలుగు రెట్లకు మించి ఉందని 2005లో ప్రచురించారు. పెద్ద కారణం తుపాకి కాల్పులు. అది షికాగో సంగతి, దాన్ని తెచ్చి మన దగ్గర అంటించలేం.

ఇంకో పెద్ద అధ్యయనం ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో తీవ్రమైన నేరాలు చేసిన 1,354 మందిని ఏడేళ్లు వెంబడించింది. వాళ్లలో ఎక్కువమంది వయసు పెరిగేకొద్దీ నేరాలు తగ్గించుకున్నారు. ‘ఒకసారి చేసినవాడు మళ్లీ చేస్తాడు’ అని మన పెద్దలు నిష్ఠూరంగా అనే మాటకి దీని దగ్గర సమాధానం ఉంది.

ఇంటర్న్ రోజంతా చేసే పని

చాలామంది పిల్లలతో మాట్లాడతామని ఊహించుకుని వస్తారు. నిజానికి రోజులో ఎక్కువ భాగం కాగితాలతో గడుస్తుంది. పాత పరిశోధనలు చదవడం, రికార్డింగులు విని అక్షరాల్లో పెట్టడం, ఫైళ్లలోని సమాచారాన్ని కోడ్ చెయ్యడం, అంటే రకాలుగా విడదీసి గుర్తులు వెయ్యడం. ఇది తక్కువ పని అని నేను అనుకోను. ఆరు వారాల కోసం వచ్చినవాళ్లకి ఇదే సరైన పని.

ఎస్‌ఐఆర్‌ల కట్ట ఒకటి ముందు పెట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది. అందులో నేరానికి కారణం రాసే చోట తల్లిదండ్రుల నిర్లక్ష్యం, స్నేహితుల ప్రభావం లాంటి గడులుంటాయి. ఫైలు తర్వాత ఫైలులో ‘చెడు స్నేహాలు’ దగ్గర టిక్కు కనిపిస్తే, చెడు స్నేహాలే కారణమని తేల్చడం సులువు. కానీ ఆ టిక్కు పిల్లవాడు పెట్టింది కాదు. చేతిలో డజన్ల కొద్దీ కేసులు, పదిహేను రోజుల గడువు ఉన్న ఒక ప్రొబేషన్ ఆఫీసరు పెట్టింది. ఆ ఫైళ్ల పరిశోధన పిల్లల గురించి ఎంత చెబుతుందో, ఆఫీసరు ఎలా రాస్తారన్న దాని గురించి కూడా అంతే చెబుతుంది. అందుకే ఒకే ఫైలుని ఇద్దరు విడివిడిగా చదివి కోడ్ చేస్తారు. ఇద్దరూ ఎంతవరకు ఏకీభవించారో లెక్క కడతారు. తేడా వచ్చిన చోట కూర్చుని వాదించుకుంటారు. నా దృష్టిలో ఇంటర్న్‌షిప్‌లో అసలు చదువు ఆ వాదనలోనే జరుగుతుంది. ‘‘తండ్రి తాగుతాడు అని రాసి ఉంటే అది నిర్లక్ష్యమా? కొడతాడని ఎక్కడా రాయలేదు కదా?’’ అని ఇద్దరు విద్యార్థులు గంటసేపు కొట్లాడుకుంటే, ఒక కుటుంబాన్ని చూసే తీరే మారిపోతుంది.

భాష దగ్గర ఇంకా చిక్కులున్నాయి. అమెరికాలో హోమ్‌కి వచ్చిన పిల్లల మానసిక స్థితి త్వరగా తెలుసుకోవడానికి మేసీ-2 అనే ప్రశ్నావళి వాడతారు. అవును, కాదు అని జవాబిచ్చే 52 ప్రశ్నలు. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అది రోగనిర్ధారణ కాదు, ఎవరిని ముందు చూడాలో చెప్పే జల్లెడ. ఇలాంటి సాధనాన్ని తెలుగులోకి తేవడమంటే నిఘంటువు తెరవడం కాదు. కోస్తా పిల్లవాడు ‘దిగులుగా ఉంది’ అంటాడు. తెలంగాణ పిల్లవాడు ‘రంది అయితుంది’ అంటాడు. పాతబస్తీ కుర్రాడు ‘పరేషాన్ ఉన్నా’ అంటాడు. ‘నిరాశా నిస్పృహలు’ అని అచ్చేసి ఇస్తే ముగ్గురూ ‘లేదు’ అనే చెబుతారు. ఎవరికీ డిప్రెషన్ లేదని నివేదిక వస్తుంది. చాలామంది పిల్లలు మనసు బాగోలేదని అసలు చెప్పరు. తల పట్టేసింది, ఛాతీ మీద బరువు పెట్టినట్టుంది, అన్నం దిగట్లేదు అంటారు. ఒకరు తెలుగులోకి, ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి పోల్చుకోవడం పద్ధతి. దానికి ముందు హోమ్ పిల్లల మాట వినిపించే బస్తీలో పెరిగిన విద్యార్థి ఆ బృందంలో ఉండాలి. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్పులు సరిగ్గా ఆ విద్యార్థినే బయట పెడుతున్నాయి. బస్సు చార్జీలు, గది అద్దె సొంతంగా పెట్టుకోగలిగినవాళ్లే వస్తున్నారు. ఇది న్యాయం కాదు, పరిశోధనకీ నష్టమే.

తాళం వేసిన ఇంట్లో ‘సరే’ అంటే

పిల్లల మీద పరిశోధనకి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతితో పాటు పిల్లల అంగీకారం కూడా కావాలి. ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి నోటిమాట చాలు, పన్నెండు దాటితే రాతలో తీసుకోవాలి. పరిశోధన నీతిగా ఉందా అని చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా మొదలే పెట్టకూడదు. ఆ ఆమోదానికి నెలలు పడుతుంది. ఆరు వారాల ఇంటర్న్ సొంతంగా డేటా సేకరిస్తానంటే కుదరదు, ఇప్పటికే ఆమోదం పొందిన ప్రాజెక్టులో చేరాల్సిందే.

కాగితం మీద ఇది స్పష్టంగానే ఉంది. హోమ్‌లో మాత్రం ‘సరే అక్కా’ అనే మాటకు బరువు తెలియదు. సూపరింటెండెంటు పిలిపించి ‘మేడమ్ అడిగింది చెప్పురా’ అన్నాక ఏ పిల్లవాడు కాదంటాడు? సహకరిస్తే బెయిలు త్వరగా వస్తుందని లోపల్లోపల ఆశ కూడా ఉంటుంది. కాబట్టి కాదనడం సులువు చెయ్యాలి. సిబ్బంది వినని చోట మాట్లాడాలి, తలుపు మాత్రం తెరిచి ఉంచాలి. నువ్వు చెప్పినా చెప్పకపోయినా కేసులో ఏమీ మారదని ముందే, వాడి మాటల్లోనే చెప్పాలి. ఒకరిద్దరు లేచి వెళ్లిపోతే సంతోషించాలి. కాదనే వీలు నిజంగా ఉందని అప్పుడే తెలుస్తుంది.

ఇక రహస్యం సంగతి. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో చేసే పరిశోధనకి గోప్యతా సర్టిఫికెట్ ఉంటుంది. కోర్టు అడిగినా పేర్లు బయటపెట్టనక్కర్లేదు. మన దేశంలో పరిశోధకుడి నోటుబుక్కుకి అలాంటి కవచం లేదు. వకీలుకి చెప్పిన మాటకున్న రక్షణ సైకాలజీ విద్యార్థికి చెప్పిన మాటకి లేదు. పైగా పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా ఫిర్యాదు చెయ్యాల్సిందే. హోమ్‌లోనే ఎవరో తనను అలా హింసిస్తున్నారని పిల్లవాడు చెప్తే ‘ఎవరికీ చెప్పను’ అనే మాట నిలబెట్టుకోలేం. చనిపోవాలనిపిస్తోందని చెప్పినా అంతే. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వడం దయలా కనిపిస్తుంది, కానీ అది అబద్ధం.

ఇప్పుడు మొదట్లోని అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె చెయ్యాల్సింది ఆ క్షణంలో కాదు, ఐదు ప్రశ్నల ముందే చెయ్యాలి. కూర్చోగానే ఇలా చెప్పి ఉండాల్సింది: ‘‘నేను కోర్టు మనిషిని కాదు, పోలీసుల మనిషిని కాదు, నీ వకీలునీ కాదు. నీ కేసులో ఏం జరిగిందో నన్ను అడగమనలేదు, నువ్వూ నాకు చెప్పొద్దు. అది నీ వకీలుకి చెప్పుకో. ఎవరైనా నిన్ను హింసిస్తున్నారని చెప్పినా, నువ్వు ప్రాణం తీసుకోవాలనుకుంటున్నావని చెప్పినా నేను ఊరుకోలేను, సాయం చేసేవాళ్లకి చెప్తా. మిగతాది నీ పేరు లేకుండా రాసుకుంటా.’’ అలా చెప్పాక కూడా వాడు గొంతు తగ్గిస్తే, పెన్ను కింద పెట్టి చెయ్యి అడ్డం పెట్టాలి. ‘‘తమ్ముడూ, ఆగు. అది నాకు చెప్తే నీకే నష్టం కావచ్చు. నీ వకీలు ఎవరో తెలుసా?’’ అని అడగాలి. తెలియదంటే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారని తన సూపర్‌వైజరుతో కలిసి హోమ్‌వాళ్లకి గుర్తు చెయ్యాలి. ఆ రోజు డేటా పోతే పోనివ్వాలి.

రాసుకున్నదాన్ని దాచడంలోనూ ఇదే జాగ్రత్త. పిల్లల గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పేరు తీసేస్తే సరిపోదు. ‘ఫలానా మండలంలో చెల్లెల్ని కాపాడబోయి బాబాయిని కొట్టిన పదిహేనేళ్ల అబ్బాయి’ అని థీసిస్‌లో రాస్తే ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. హోమ్ గేటు ముందు సెల్ఫీ కూడా వద్దు.

ఎక్కడ, ఎలా

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2020లో మొదలైన సంవాద్ విభాగం కష్టాల్లో ఉన్న పిల్లల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటా పనిచేస్తోంది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, హైదరాబాద్ నల్సార్ లాంటి న్యాయ విశ్వవిద్యాలయాలు, ఢిల్లీలోని హక్, బెంగళూరులోని ఎన్‌ఫోల్డ్ వంటి పిల్లల హక్కుల సంస్థలు ఈ రంగంలో పేరున్నవి. అప్లై చేసేటప్పుడు నన్ను పిల్లలతో మాట్లాడనిస్తారా అని కాకుండా, నాకు వారానికోసారి కూర్చుని నేర్పేవారు ఎవరు అని అడగండి. దానికి సూటిగా జవాబు రాకపోతే చేరకపోవడమే మంచిది. రోజూ ఈ ఫైళ్లు చదివితే నిద్ర పట్టదు, టెన్షన్ ఇంటికి వస్తుంది. ఎవరితోనైనా చెప్పుకునే ఏర్పాటు ఉండాలి.

అమెరికాలో ఎం.ఎస్. చేస్తూ ఇలాంటి ల్యాబుల్లో చేరే మన పిల్లలకి నియమాలు ఇంకా బిగువు. నిర్బంధంలో ఉన్నవారి మీద పరిశోధనకి, పిల్లల మీద పరిశోధనకి అక్కడి ఫెడరల్ నిబంధనల్లో వేర్వేరు అధ్యాయాలున్నాయి. ఈ పిల్లలకి రెండూ వర్తిస్తాయి. ఖైదీల తరఫున మాట్లాడే సభ్యుడు ఎథిక్స్ కమిటీలో ఉండి తీరాలి. ఆన్‌లైన్ శిక్షణ, నేరచరిత్ర తనిఖీ అయ్యేసరికి ఒక సెమిస్టర్ సగం గడిచిపోతుంది, ముందే మొదలుపెట్టుకోండి.

పని ముగించే రోజు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఆరు వారాల పాటు వారానికి మూడుసార్లు వచ్చిన అక్క ఏడో వారం రాదు. ఈ పిల్లల్లో చాలామందిని ఇదివరకే ఎవరో ఒకరు చెప్పకుండా వదిలి వెళ్లి ఉంటారు. అందుకే మొదటిరోజే వెళ్లిపోయే తేదీ చెప్పాలి, ప్రతివారం గుర్తు చెయ్యాలి. తేదీలు లెక్కపెట్టడం ఆ పిల్లలకి బాగా వచ్చు. బోర్డు వాయిదా ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మీ చివరి రోజుని కూడా దాని పక్కనే గుర్తుపెట్టుకుంటారు.